ఎన్నికల సెక్షన్‌లో ఏళ్ల తరబడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(జిల్లా కలెక్టరేట్ ఎన్నికల విభాగంలో సర్వీసులో ఎక్కువ భాగం పనిచేసి రిటైరైన అధికారి ఈ సంచికలో పాఠకులకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దార్‌గా ఎంపికయ్యాను. ఎన్నికల సెక్షన్‌కి వేశారు. "ఐదేళ్లకోసారి పని, మిగతా కాలం గోళ్లు గిల్లుకోవడమే" అంటున్నారు తోటివాళ్లు. మీరు ఏం చూసి అక్కడే ఉండిపోయారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఆ మాట అన్నవాళ్లు ఓటర్ల జాబితా పని చూసి ఉండరు. పోలింగ్ ఒక్కరోజే. జాబితా ఏడాది పొడుగునా ఉంటుంది. ఇదివరకు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది ఓటు వచ్చేది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వచ్చాయి. ఫారం 6 కొత్త ఓటుకి, 7 తొలగింపుకి, 8 సవరణలకి. మీరు కళ్లలో వత్తులేసుకుని చూడాల్సింది ఫారం 7.

నల్గొండ జిల్లాలో ఒక ఊరి నుంచి, అదీ ఒకే వీధి నుంచి, ఫారం 7లు కట్టలుగా వచ్చాయి. అన్నింటిలో ఒకటే కారణం: శాశ్వతంగా వలస వెళ్లారని. ఇళ్లకి తాళాలున్నాయని అక్కడి ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ (బూత్ లెవల్ ఆఫీసర్) కూడా రాసింది. నేను ఆమెతో వెళ్లాను. తాళాలున్న మాట నిజమే. పక్కింటామెను అడిగితే, "భీవండి పోయిండ్రు సారూ, మగ్గాల పనికి. దసరాకొస్తరు" అని కొంగుకి కట్టుకున్న తాళంచెవుల గుత్తి చూపించింది. నాలుగిళ్లవి ఆమె దగ్గరే ఉన్నాయి. తాత్కాలికంగా ఊరు వదిలినంత మాత్రాన అక్కడి నివాసం పోయినట్టు కాదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఆ ఫారాలన్నీ తిరస్కరించాం. పండక్కి ఊరొచ్చినవాళ్లకి తమ ఓటు పోబోయిందన్న సంగతే తెలిసి ఉండదు. నేను ఉండిపోయింది ఇలాంటి పని కోసమే.

1996 లోక్‌సభ ఎన్నికలూ నల్గొండలోనే చూశాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నా పట్టించుకునే దిక్కు లేదని జనం వందల్లో నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. ఓటరు తను వేయదలుచుకున్న గుర్తు కోసం పేజీలు తిప్పుకోవాలి. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే చట్టం మార్చి పదివేలు చేశారు, ఇప్పుడు 25 వేలు. అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు పోటీకి దిగి అభ్యర్థుల సంఖ్య 185కి చేరింది. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కాబట్టి నోటాతో కలిపి బూత్‌కి 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి పోటీల వల్ల పని పెరుగుతుందని విసుక్కునే అధికారులున్నారు. నాకు అది నచ్చదు. చెప్పుకునే చోటు ఇంకేదీ లేకనే వాళ్లు బ్యాలెట్ దాకా వచ్చారు.

ప్రశ్న: ఎలక్షన్ డ్యూటీ అంటేనే టెన్షన్. ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా వెళ్లేవాళ్లకి మీరు చెప్పే ముఖ్యమైన జాగ్రత్త ఏమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల జిల్లా

జవాబు: మాస్టారూ, మాక్ పోల్ (అసలు పోలింగ్‌కి ముందు యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్) అయ్యాక యంత్రం క్లియర్ చేయడం మరవకండి. కనీసం 50 ఓట్లు వేయించి, క్లోజ్ నొక్కి, రిజల్ట్ చూపించి, క్లియర్ కొట్టాలి. వీవీప్యాట్ (వేసిన ఓటుకి స్లిప్పు ముద్రించే యంత్రం) డబ్బాలో పడిన స్లిప్పులు తీసేయాలి. సున్నా ఏజెంట్లకి చూపించాకే అసలు పోలింగ్. ఒకసారి రాత్రి బాగా పొద్దుపోయాక ఒక మాస్టారు చెమటలు కక్కుతూ మా కౌంటర్ దగ్గరికి వచ్చారు. 17ఏ రిజిస్టర్‌లో ఉన్న ఓటర్లకీ యంత్రం చూపించే మొత్తానికీ తేడా వచ్చింది. సరిగ్గా 50. ఎక్కడ జారిందో చూడగానే అర్థమైంది. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, అంకెలు సర్దడానికి చూడకుండా ఉన్నదున్నట్టు రాసిచ్చారు. మీకూ తేడా వస్తే అలాగే చేయండి. అలాంటి యంత్రాల విషయంలో కౌంటింగ్ రోజు ఏం చేయాలో నిబంధనలున్నాయి, అవసరమైతే స్లిప్పులు లెక్కిస్తారు. దిద్దిన 17సీకి (పోలైన ఓట్ల లెక్క రాసిచ్చే ఫారం) మాత్రం మందు లేదు.

ప్రశ్న: పంచాయతీ ఓటర్ల జాబితాలో నా పేరు లేదని ఎన్నికల సెక్షన్‌కి వెళితే, పంచాయతీ ఎన్నికలు తమ పరిధి కాదన్నారు. తప్పించుకుంటున్నారా?
– ఒక పాఠకుడు, వికారాబాద్ జిల్లా

జవాబు: లేదండీ. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాజ్యాంగంలోని 243కె అధికరణం కింద ఏర్పడిన రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు చూసే కేంద్ర ఎన్నికల సంఘం వేరు. కాకపోతే అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడదీసి పంచాయతీ జాబితా తయారుచేస్తారు. కాబట్టి ముందు అసెంబ్లీ జాబితాలో మీ పేరుందో లేదో చూడండి. లేకపోతే బీఎల్‌ఓకి ఫారం 6 ఇవ్వండి. అక్కడ ఉండి పంచాయతీ జాబితాలో మాత్రమే పోతే, ముసాయిదా అతికించిన గడువులోగా గ్రామ పంచాయతీ ఆఫీసులో అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి.