మొదటి ఆట మీద ప్రేమ, చేతిలో లక్షన్నర

చిన్న పెట్టుబడితో సొంతంగా సినిమా తీయడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలోని సందేహం ఒకప్పుడు నన్ను కూడా బాధపెట్టినది కాబట్టి దానికి కొంత ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. రెండేళ్ళుగా దాచుకున్న లక్షన్నర రూపాయలతో ఇరవై అయిదు నిమిషాల సినిమా తీయాలని కథ రాసుకున్నాను. పెద్ద హీరోల సినిమాలకు మొదటి రోజు మొదటి ఆటకు వెళ్ళి కాగితాలు ఎగరేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇలాంటి అభిరుచి ఉన్నవాడు స్వతంత్ర సినిమా తీయలేడని, ముందు ఆ సినిమాలు చూడటం మానుకోవాలని నా మిత్రులు అంటున్నారు. మానుకోవాలా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మానుకోవద్దు. హీరో ముఖం చూపించే ముందు దర్శకుడు ఎంతసేపు ఊరించాడో, విశ్రాంతికి ముందు సంగీతం ఎక్కడ ఆగిందో, హాలంతా ఊపిరి బిగబట్టి ఏ క్షణాన కేక పెట్టిందో మీరు కొన్ని వందలసార్లు స్వయంగా అనుభవించి ఉన్నారు. కాగితాలు ఎప్పుడు ఎగరేయాలో మీకు ఎవరూ చెప్పలేదు, అయినా మీ చెయ్యి సరిగ్గా ఆ క్షణానికే లేచింది. ఆ క్షణం కథలో ఎక్కడ పడుతుందో తెలిసినవాడు ఎడిటింగ్ గదిలో సగం పని నేర్చుకుని వచ్చినట్టే. చాలా ఏళ్ళు ఆ గదిలో కూర్చుని పనిచేసిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను.

1989లో వచ్చిన ‘శివ’లో హీరో సైకిల్ చెయిన్‌ను చేత్తో లాగి తెంపే ఘట్టం మీకు తప్పకుండా గుర్తు ఉంటుంది. తెలుగు జనం ఇన్నేళ్ళుగా మరిచిపోని ఆ వస్తువు ఏ ఊళ్ళోనైనా సైకిల్ షాపులో దొరికేదే. దానికి ఆ బలం ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ సన్నివేశాన్ని ఒకసారి శబ్దం లేకుండా, ఒకసారి బొమ్మ లేకుండా చూడండి. అంతకు ముందు అతను ఎంతవరకు ఓర్చుకున్నాడో, చెయ్యి సైకిల్ మీదికి వెళ్ళే ముందు కెమెరా ఎవరి ముఖాల మీద ఆగిందో కాగితం మీద రాసుకోండి. మీ లక్షన్నరతో చేయగలిగిన పని అందులో చాలా కనిపిస్తుంది.

మీ మిత్రులకు మాలేగావ్ సంగతి చెప్పండి. మహారాష్ట్రలోని ఆ మరమగ్గాల పట్టణంలో వీడియో పార్లర్ నడిపిన నాసిర్ షేక్, హిందీ సినిమాల మీద ఉన్న పిచ్చి ప్రేమతో, మగ్గాల మీద పనిచేసే మనుషులనే నటులుగా పెట్టుకుని, ‘షోలే’కు తమ ఊరి రూపం తీశారు. ఆ తరువాత ఆయన సూపర్‌మ్యాన్‌ను మాలేగావ్‌కు రప్పించి సినిమా తీసినప్పటి కష్టాన్ని ఫైజా అహ్మద్ ఖాన్ తన డాక్యుమెంటరీలో చిత్రించారు. కదిలే షాట్‌కు సైకిల్‌నూ, క్రేన్‌కు బదులు ఎడ్లబండినీ వాడుకోవడం అందులో చూడవచ్చు. బండి కాడిని మనుషులు కిందికీ పైకీ ఆడిస్తుంటే, దాని మీద ఉన్న కెమెరా లేచి దిగుతుంది. ఆ మనుషుల ముఖాల్లో కనిపించే శ్రద్ధ నేను పెద్ద స్టూడియోల్లో కూడా అరుదుగా చూశాను. జనాదరణ పొందిన సినిమా మీద ప్రేమ లేకపోతే వాళ్ళకు ఆ బండి కాడి క్రేన్‌గా కనిపించేదే కాదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆ సినిమాల్లో డబ్బు చేసిన పనిని మీరు చేయబోవద్దు. పది సుమోలు దుమ్ము రేపుకుంటూ వచ్చే ఘట్టాన్ని అద్దెకు తెచ్చిన రెండు బండ్లతో తీస్తే చూసేవారికి జాలి కలుగుతుంది. అదే మనిషి కోసం ఒక వీధి వీధంతా ఎదురుచూడటం మాత్రం మీరు తీయగలరు, ఎందుకంటే ఆ వీధి మీది, ఆ మనుషులు మీకు తెలిసినవాళ్ళు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో వెంకటేష్ మహా విశాఖపట్నంలోని ఆ పేటలోనే కథ నడిపి, ఎక్కువగా అక్కడివారినే నటింపజేశారు. మీరు కూడా మీకు ఉచితంగా దొరికే చోట్ల జాబితాను ముందు రాసుకుని, ఆ జాబితాకు సరిపడేలా కథను మరోసారి రాయండి.

ఇక డబ్బు సంగతి. మొదట భోజనాల లెక్క వేయండి. పన్నెండు మంది, నాలుగు రోజులు, మనిషికి రోజుకు టిఫిను, భోజనం, టీలు కలిపి 350 రూపాయల చొప్పున 16,800 అవుతుంది. ఇందులో ఒక్క రూపాయి కూడా తగ్గించవద్దు. జీతం తీసుకోకుండా వచ్చిన మిత్రుడికి మధ్యాహ్నం మూడు గంటలకు చల్లారిన పులిహోర పెడితే, సాయంత్రం షాట్‌లో అతని మనసు ఉండదు. సుమారు మూడో వంతు సొమ్మును శబ్దానికి ఉంచండి. ఇరవై వేలు పక్కన పెట్టి, షూటింగ్ ముగిసి గుమ్మడికాయ కొట్టే రోజు వరకూ వాటిని ముట్టుకోకండి. ఎడిటింగ్ మొదలయ్యాక ఏదో ఒక షాట్ తక్కువైందని తప్పక తెలుస్తుంది, ప్యాచ్ వర్క్‌కు ఆ ఇరవై వేలే దిక్కు. మిగిలినది ప్రయాణాలకు, దీపాలకు, ఎడిటింగ్‌కు సరిపోవాలి. సరిపోకపోతే కథలో ఒక రాత్రి సన్నివేశాన్ని పగటికి మార్చండి.

ప్రశ్న: మా కాలేజీ మిత్రులం ఫోన్‌తో సినిమా తీస్తున్నాం. బొమ్మ బాగానే ఉంది, అయినా చూడగానే ‘షార్ట్ ఫిల్మ్’ అని తెలిసిపోతోంది. కొత్త కెమెరా అద్దెకు తీసుకోవాలా?
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: అక్కరలేదమ్మా. ఆ తేడా మీ చెవికి తెలుస్తోంది, మీరు దాన్ని కంటికి అంటగడుతున్నారు. సుమారు పదిహేనేళ్ళ క్రితం మేము కొందరం కలిసి పిఠాపురంలో ఒక పెంకుటింట్లో చిన్న సినిమా తీశాం. ఊరు వదిలి వెళ్తున్న కొడుకుతో తల్లి మాట్లాడే సన్నివేశంలో, ఎన్నడూ కెమెరా ముందు నిలబడని ఒక గృహిణి అందరినీ ఏడిపించారు. ఎడిటింగ్‌కు కూర్చున్నాక చూస్తే, ఆమె షాట్‌లో పక్క గదిలోని ఫ్రిజ్ గుయ్యిమంటోంది, కొడుకు షాట్‌లో అది ఆగిపోయి ఉంది. కోత పెట్టిన ప్రతిచోటా ఆ రొద తెగి మళ్ళీ మొదలయ్యేది. ఆమె చెప్పిన మాటల్లో సగం వదులుకోవలసి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందువల్ల షూటింగ్ మొదలుపెట్టే ముందు ఆ గదిలో ఒక నిమిషం అందరూ కళ్ళు మూసుకుని కూర్చోండి. ఫ్యాను, ఫ్రిజ్, మోటారు, పక్కింటి టీవీ ఒక్కొక్కటే వినబడతాయి. ఫ్రిజ్ ఆపేటప్పుడు మీ బండి తాళం అందులోనే పెట్టండి, ఇంటికి వెళ్ళేటప్పుడు దాన్ని మళ్ళీ వేయడం మరిచిపోరు. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటే, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలను దానితో నింపుకోవచ్చు. మైకు నటుల నోటికి దగ్గరగా, ఫ్రేముకు కాస్త బయట ఉండాలి. మంచి మైకు దొరకని పక్షంలో అమెరికా దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ పద్ధతి ఉంది. ఆయన సుమారు 7,000 డాలర్లతో తీసిన 1992 నాటి ‘ఎల్ మరియాచి’లో బొమ్మను శబ్దం లేకుండా తీసి, వెంటనే అక్కడే నటుల చేత అవే మాటలు మళ్ళీ చెప్పించి విడిగా రికార్డు చేశారు. పెదవులకు మాట కుదరని చోట మరొక షాట్‌కు మారిపోయారు. అదే సినిమాలో కదిలే షాట్లకు చక్రాల కుర్చీ వాడారు. ఇంతా చేస్తే అది తుపాకులు పేలే జనరంజకమైన కథ.

ఫోన్ విషయంలో ఒకటే మాట. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 50వ వంతు పెట్టుకుంటే చాలావరకు ట్యూబులైట్ల కింద బొమ్మ మిణుకుమనదు.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మానేసి సినిమా తీస్తానని, ఇల్లు తాకట్టు పెట్టమని అడుగుతున్నాడు. పూర్తయ్యాక ఓటీటీ వాళ్ళు కొంటారని, సత్యజిత్ రాయ్ కూడా భార్య నగలు తాకట్టు పెట్టారని అంటున్నాడు. కాదంటే వాడి మనసు విరిగిపోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: ఇల్లు తాకట్టు పెట్టకండమ్మా. రాయ్ గారి నగల కథ నిజమే కానీ, మీ అబ్బాయి అందులో సగమే విన్నాడు. ‘పథేర్ పాంచాలి’ తీస్తున్న కాలమంతా ఆయన కలకత్తాలో ప్రకటనల సంస్థలో ఉద్యోగం మానలేదు. మొదట్లో సెలవు రోజుల్లోనే షూటింగ్ చేశారు. రెల్లుపూల మధ్య పిల్లలు నడిచే ఘట్టాన్ని ఒక రోజు కొంత తీసి, మరుసటి వారం వెళ్ళేసరికి పశువులు ఆ పూలన్నిటినీ మేసేశాయి. మళ్ళీ పూలు పూసే కాలం వరకు ఆగారు. నగలు తాకట్టు పెట్టి, రికార్డులు అమ్మి తెచ్చిన డబ్బు అయిపోయి పని నిలిచిపోతే, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సొమ్ముతో 1955లో అది తెర మీదికి వచ్చింది. జీతం వస్తూ ఉండటం వల్లనే ఆయన అలా ఆగగలిగారని నేను నమ్ముతాను.

కాగితం మీద ఒప్పందం లేని అమ్మకాన్ని ఆదాయంగా లెక్క వేయకూడదని అబ్బాయికి నెమ్మదిగా చెప్పండి. పోయినా ఇల్లు గడిచేంత సొమ్ముతో, శని ఆదివారాల్లో, ముందు ఒక చిన్న సినిమా తీయమనండి. మీ ఇంటిని షూటింగుకు ఇవ్వండి, వీలైతే ఆ రోజుల్లో వంట మీరే చేయండి. వాడి మనసు విరగదు.

ప్రశ్న: మా సినిమాలో టీకొట్టు రేడియోలో పాత సినిమా పాట వినిపించాలి. పేర్లు వేసి కృతజ్ఞతలు చెబితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరిపోదు. రికార్డు హక్కు ఒకరిది, సాహిత్యం, బాణీల హక్కు వేరొకరిది కావచ్చు. వారందరి అనుమతి కావాలి. రికార్డుకు విడుదల నుంచి 60 ఏళ్ళు, సాహిత్యానికీ బాణీకీ కర్త మరణించిన తరువాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది కాబట్టి, పాట పాతదైనంత మాత్రాన స్వేచ్ఛగా దొరకదు. మీ ఊళ్ళో బాగా పాడే వారి చేత తరతరాలుగా వస్తున్న జానపదం పాడించి, డబ్బు ఇచ్చి, లిఖితపూర్వకంగా అంగీకారం తీసుకోండి. షూటింగ్ నాడు టీకొట్టులో అసలు రేడియో మాత్రం ఆపించండి.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుడిని. ఫిల్మ్ సొసైటీలో చేరి షాట్లు, కట్‌లు గమనించడం నేర్చుకున్నాక, మామూలు సినిమాలో ఆనందం పోయింది. ఇది తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: వస్తుందండీ. ఈ పనిలో ఉన్న మా అందరికీ ఆ దశ వచ్చింది. 1957 నాటి ‘మాయాబజార్’లో పడవ మీద పాటకు వెన్నెల కాయించినది మార్కస్ బార్ట్లీ కెమెరా అని నాకు తెలుసు, దాని గురించి పిల్లలకు గంటల తరబడి చెప్పాను కూడా. అయినా ఆ పాట మొదలైతే నేను ఇప్పటికీ ఆ పడవలోనే ఉంటాను. మీరు కొంతకాలం ఒక నియమం పెట్టుకోండి. ఏ సినిమానైనా మొదటిసారి హాలులో, పదిమంది మధ్య, మనవలు ఉంటే వారిని వెంటబెట్టుకుని చూడండి, ఏమీ రాసుకోకండి. రెండోసారి ఇంట్లో నోటుపుస్తకంతో కూర్చుని, మొదటిసారి మనవడు మీ చెయ్యి పట్టుకున్నది ఏ షాట్ దగ్గరో వెతకండి.