ఆట ఊసెత్తితే ఫోన్ విసిరేస్తున్న తమ్ముడు

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. తమ్ముడికి 23 ఏళ్లు, కబడ్డీ ఆడేవాడు. ఎనిమిది నెలల కిందట బైక్ ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. నాన్న పారాలింపిక్స్ వీడియోలు చూపిస్తే ఫోన్ విసిరేస్తున్నాడు. కృత్రిమ కాలు కూడా తొడుక్కోడు. వాణ్ని దారిలో పెట్టేదెలా?

జవాబు: ముందు ఆ వీడియోలు ఆపించండి. సుమిత్ అంతిల్ పేరు మీ ఇంట్లో ఈపాటికి వందసార్లు వినబడే ఉంటుంది. ఆయన మొదట కుస్తీ పట్టేవాడు. కాలు పోయింది 2015లో, జావెలిన్‌లో పారాలింపిక్ స్వర్ణం వచ్చింది 2021లో. ఆ మధ్య ఆరేళ్లు వీడియోలో కనబడవు. మీ వాడికింకా కబడ్డీ పోయిన దుఃఖమే తీరలేదు. ఇప్పుడు వేరే ఆట చూపించడమంటే పెళ్లి సంబంధం తప్పిపోయిన వారానికే ఇంకో ఫొటో చేతిలో పెట్టడం.

కాలు తొడుక్కోకపోవడం మొండితనమని తేల్చేయకండి, సాకెట్ (కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూర్చే గిన్నెలాంటి భాగం) చూడండి. మొదటి ఏడాది వాపు తగ్గి మిగిలిన కాలు సన్నబడుతుంది. సాకెట్ వదులై, కాలు లోపలికి దిగి, ఎముక దగ్గర ఒరుసుకుంటుంది. విప్పాక ఎరుపు పది పదిహేను నిమిషాల్లో పోవాలి. పోకపోయినా, పొక్కినా మళ్లీ తొడగనివ్వకుండా అమర్చినవారికి చూపించండి. ఒక్కోసారి ఇంకో సాక్స్ పొరతో సరిపోతుంది, లేదంటే సాకెట్టే మార్చాలి. మళ్లీ ఆసుపత్రి అంటారని నొప్పి దాచుకునేవాళ్లు చాలామంది.

లేని పాదం మండుతోందంటే నమ్మండి, అది నిజమైన నొప్పే. అది తగ్గడానికి కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టి, కుడి పాదాన్ని మెల్లగా ఆడిస్తూ దాని ప్రతిబింబాన్నే చూడాలి. రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. అందరికీ పనిచేయదు. ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టడం మేలు, ఏడుపొస్తే ఆపేయొచ్చు.

తర్వాత ఒక్కటే అడగండి: "కబడ్డీలో నీకు బాగా గుర్తొచ్చేదేంటిరా?" జట్టు అంటే, సిట్టింగ్ వాలీబాల్ ఉంది, దానికి కృత్రిమ కాలు అక్కర్లేదు. ఒళ్లు అలిసిపోవడం అంటే, గాయం పూర్తిగా మానాక డాక్టరునడిగి ఈత. ఏమీ చెప్పకపోతే వారం ఊరుకోండి. దెబ్బ తిన్నాక మనిషి ఎదిగేది తను ఎంచుకున్న పనిలోనే. బాధ అప్పుడూ పక్కనే ఉంటుంది.

రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోతే మానసిక వైద్యులకు చూపించండి. "మీకు భారమయ్యాను" అంటే చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన రాదు. ఔనంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాన్నగారికీ ఓ పని కావాలి. సాకెట్ చూపించడానికి ఆయన్నే తీసుకెళ్లమనండి, దారిలో ఆటల ఊసెత్తననే షరతు మీద.