ఐఆర్ డిగ్రీకి బెంగళూరా, చెన్నైయా? ముందు సిలబస్ అడగండి

మీ అమ్మాయికి ఇంటర్ సీఈసీ అయిపోయింది, డిగ్రీలో ఇంటర్నేషనల్ రిలేషన్సే (ఐఆర్) చదువుతానంటోంది, బెంగళూరా చెన్నైయా తేలడం లేదు అన్నారు. మాది నెల్లూరు. చెన్నైలో బీఏ పొలిటికల్ సైన్స్ చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తానండీ.

ఊరి సంగతి తర్వాత, ముందు కోర్సు పేరు చూసి మాత్రం డబ్బు కట్టకండి. మేం అలాగే కట్టాం. బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీ బ్రోషర్‌లో ఐఆర్ అని పెద్దక్షరాల్లో ఉంటే నాన్న అడ్వాన్స్ ఇచ్చేశారు. తర్వాత వెళ్లి మూడేళ్ల సిలబస్ అడిగితే ఐఆర్ పేపర్లు రెండే, మిగతావన్నీ మేనేజ్‌మెంటూ కమ్యూనికేషన్ స్కిల్సూ. డబ్బు వెనక్కి రాలేదు. నాన్న ఒక్క మాట అనలేదు, కానీ ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

సెమిస్టర్ల వారీగా పేపర్ల లిస్టు చేతికి తీసుకోండి. ఐఆర్ సిద్ధాంతాలు, భారత విదేశాంగ విధానం, దక్షిణాసియా, అంతర్జాతీయ చట్టం ఉన్నాయా చూడండి. అవి ఉంటే డిగ్రీ మీద పొలిటికల్ సైన్స్ అని ఉన్నా ఏమీ నష్టం లేదు. ఐఎఫ్ఎస్‌కి, అంటే విదేశాంగ సర్వీసుకి, వెళ్లేది సివిల్స్ పరీక్షలోంచే, దానికి ఏ డిగ్రీ అయినా చాలు, పైగా అందులో ఒక ఆప్షనల్ పేరే పొలిటికల్ సైన్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్. ఢిల్లీ జేఎన్‌యూలో ఎంఏ చేయాలనుకుంటే సీయూఈటీ-పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

చెన్నై నాకెందుకు నచ్చిందో చెప్తాను. క్లాసులో కచ్చతీవు పాఠం వచ్చింది, అది రామేశ్వరానికీ శ్రీలంకకీ మధ్య ఉన్న చిన్న దీవి. 1974 ఒప్పందంతో ఆ దీవి శ్రీలంకకు వెళ్లింది, మన జాలర్లు అక్కడ వలలు ఆరబెట్టుకోవచ్చన్నారు, 1976లో రెండు దేశాలూ ఉత్తరాలు మార్చుకుని ఒకరి జలాల్లో ఒకరు చేపలు పట్టకూడదనుకున్నారు. నేను పరీక్ష కోసం రాసుకుంటున్నాను. పక్క బెంచీలో రామనాథపురం కుర్రాడు లేచి, వాళ్ల బాబాయి పడవను శ్రీలంక నేవీ పట్టుకున్నాక ఇంట్లో ఆరు నెలలు ఎలా గడిచిందో చెప్పాడు. మా మేడమ్ పాఠం ఆపేసి, ఆ గంటంతా అతన్నే మాట్లాడనిచ్చారు. ఒప్పందం అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది. ఇలాంటి క్లాస్‌మేట్లు ఉన్న చోటు వెతకండి, అది ఏ ర్యాంకింగ్‌లోనూ కనిపించదు.

బెంగళూరును తక్కువ చేయడం లేదండీ. క్రైస్ట్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టడీస్‌కి డిపార్ట్‌మెంట్ ఉంది, దొమ్మలూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో విదేశాంగ విషయాల మీద ఉపన్యాసాలు జరుగుతుంటాయి, ఎవరైనా వెళ్లి వినొచ్చు. ఫీజు, హాస్టల్ మీరే బేరీజు వేసుకోండి.

ఇంకొకటి, ఏ ఊరైనా సరే మొదటి ఏడాదిలోనే ఒక విదేశీ భాష మొదలుపెట్టించండి. జర్మన్‌కి మాక్స్ ముల్లర్ భవన్, ఫ్రెంచ్‌కి అలయన్స్ ఫ్రాన్సేజ్ రెండు ఊళ్లలోనూ ఉన్నాయి. నేను మూడో ఏడాదిలో మొదలుపెట్టాను, ఎంఏలో అందరికన్నా వెనకబడ్డాను.

సీటు ఖాయం చేసుకునే ముందు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. మీరు ఆఫీసులో కూర్చుని ఫీజుల సంగతి మాట్లాడుతుంటే, తనని రెండో ఏడాది పిల్లలతో ఓ అరగంట మాట్లాడి రమ్మనండి. విదేశాంగ విధానం పేపర్ ఎవరు చెప్తారు, ఆ టీచర్ పోయినేడాది కూడా ఉన్నారా అని తననే అడగమనండి.