నాన్న మారుతి 800ను వదలనంటున్నారు

ప్రశ్న: మా నాన్నకు 71 ఏళ్లు. 1998లో లోను పెట్టి కొన్న మారుతి 800నే ఇప్పటికీ నడుపుతున్నారు. పెట్రోలు లెక్కలు, ఊళ్ల పేర్లు రాసుకున్న నోటుబుక్కు ఇంకా డాష్‌బోర్డులోనే ఉంది. ఏటా కార్తీకంలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం అందులోనే వెళ్తాం. నిరుడు ఘాట్‌లో ఇంజన్ వేడెక్కి, అమ్మా పిల్లలూ రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నారు. "ఈ డబ్బాను తుక్కుకిచ్చేద్దాం, వేరే కంపెనీ బండి బుక్ చేశా" అన్నాను. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. ఈ ఏడూ అందులోనే వెళ్తానంటున్నారు. ఏం చేయను?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను 'డబ్బా' దగ్గర ఆగిపోయింది. నెలనెలా వాయిదాలు కట్టి, మిమ్మల్నందరినీ తిప్పిన బండిని పిల్లల ముందు అలా అంటే ఆయన కష్టాన్ని తీసిపారేసినట్టే. ముందు "నాన్నా, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని చెప్పండి. ఆ వెంటనే 'కానీ' అనకండి. కొత్త బండి మాట ఓ వారం ఎత్తకండి.

తర్వాత ఆయన నమ్మే మెకానిక్ దగ్గరికే ఆయనతో వెళ్లండి. ఒకసారి బాగా వేడెక్కిన ఇంజన్ కాబట్టి ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. పాలు కలిపిన టీ రంగు జిగురు ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్‌లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పొర) పోయిందేమోనని అనుమానించాలి. అలాంటిదేమీ లేకపోతే రేడియేటర్ చూడండి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. ఇంజన్ వేడెక్కగానే నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోకపోయినా, ఫ్యాన్ స్విచ్ పనిచేయకపోయినా, రేడియేటర్ మూత స్ప్రింగ్ సడలినా ఎక్కుడులోనే బయటపడుతుంది. శుభ్రం చేయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆనాటి రబ్బరు పైపులు దానికి తట్టుకునేవి కావు. పగుళ్లుంటే తప్పక మార్చాలి, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే మంటలే. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే అదీ మార్పించండి. తేమ పట్టిన ఆయిల్ దిగుడులో మరిగి, పెడల్ నేలకు దిగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడటం. సీటు బోల్టుల చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కితే రేకు లోపలికి పోతే ఆ బండి ఇక హైవే ఎక్కకూడదు. ఈ మాట మెకానిక్ నోట రావాలి, మీరు చెప్పకండి.

ఆర్సీ కూడా చూసుకోండి. 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. మీ బండికి 2013, 2018, 2023లో అయి ఉండాలి.

బండి బాగున్నట్టు తేలినా, అమ్మనూ పిల్లలనూ అందులో ఘాట్‌కు పంపొద్దనే నా సలహా. 1998 మోడల్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి, గొంతు మాత్రం పెంచకండి. నాన్నగారి కళ్లూ పరీక్ష చేయించండి. శుక్లాలు మొదలైతే ఎదుటి లైట్ల వెలుగుకు రోడ్డు కనపడదు. శ్రీశైలం దారిలోని మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి, సాయంత్రం హడావుడిగా బయల్దేరేవాళ్లకు చీకట్లో ఈ లైట్ల తిప్పలు తప్పవు.

ఇంటిల్లిపాదీ కొత్త బండిలో వెళ్లండి. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ టిఫిన్ చేయాలో ఆయన్నే నిర్ణయించమనండి. ఆ నోటుబుక్కు వెంట తెచ్చి తర్వాతి పేజీ ఆయన చేతే రాయించండి. 800 ఊళ్లో కూరగాయలకు, గుడికి ఉండనివ్వండి. వారానికోసారి కనీసం 20 నిమిషాలు నడిపితే బ్యాటరీ, బ్రేకులు బాగుంటాయి.

అయినా అందులోనే వెళ్తానంటే, మెకానిక్ సరేనన్నాక, మరోరోజు మీరిద్దరే తెల్లవారి బయల్దేరండి. టైరు పక్కన నాలుగంకెల్లో చివరి రెండూ తయారైన ఏడాది, ఆరేళ్లు దాటితే మార్పించండి. ఘాట్‌లో ఈగలపెంట నుంచి కృష్ణా నది దాకా దిగుడంతా రెండో గేరులోనే దిగాలి, ఇంజన్ ఆపొద్దు. వేడి ముల్లు పైకి పోతే బండి పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, ముప్పావుగంటయినా ఆగాలి. చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టనివ్వకండి.