సీపీయూ పెట్టెలో ఉక్కపోత
కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. ముందువైపు అద్దం ఉన్న కేబినెట్. ముందు రెండు, పైన రెండు, వెనక ఒకటి ఫ్యాన్లున్నాయి. గేమ్ ఆడేటప్పుడు జనవరిలో ప్రాసెసర్ 70 డిగ్రీలు చూపించేది, ఇప్పుడు 85 చూపిస్తోంది. షాపువాళ్లు లిక్విడ్ కూలర్ వేయించమంటున్నారు. వేయించమంటారా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జ: తొందరపడకండి. జనవరిలో మీ గది 24 డిగ్రీలుంటే, మే నెల మధ్యాహ్నం 38 ఉంటుంది. ఆ 14 డిగ్రీలూ ఇంచుమించు అలాగే ప్రాసెసర్ మీదికెక్కుతాయి. 70కి 14 కలిపితే 84. అంటే కొత్తగా చెడిపోయిందేమీ లేదు. ఈ ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన హద్దు 90. అక్కడికి చేరినా కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. లిక్విడ్ కూలర్ కూడా గది గాలితోనే చల్లబడాలి, గది కంటే చల్లగా ఏదీ చేయలేదు. 65 వాట్ల ప్రాసెసర్‌కు అది దండగ ఖర్చు.

లోపం గాలి దారిలో ఉందో, ప్రాసెసర్ మీద బిగించిన కూలర్‌లో ఉందో తేల్చుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ముందు ఫ్యాన్ల దగ్గర ఒక థర్మామీటర్ పెట్టి, 20 నిమిషాలు గేమ్ నడిపి, థర్మామీటర్ చూపేదీ, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో ప్రాసెసర్, కార్డు వేడి ఎంతుందో అదీ రాసుకోండి. తర్వాత పక్క తలుపు తీసేసి అదే గేమ్ మళ్లీ అంతసేపు నడపండి. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే కేబినెట్ తప్పు లేదు, కూలర్ బిగింపు, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే పేస్ట్ చూసుకోవాలి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే లోపల గాలి ఆడటం లేదన్నమాట. అప్పుడు పక్క తలుపు మూసి, ముందు అద్దం ఒక్కటే ఊడదీసి ఇంకోసారి నడపండి. అప్పుడూ అంతే తగ్గితే అద్దమే అడ్డం. దాని వెనక ఎన్ని ఫ్యాన్లు బిగించినా, అంచుల సందుల్లోంచి దూరగలిగినంత గాలే లోపలికొస్తుంది. అద్దంలో రంగు లైట్లు కనిపించడం తప్ప వేరే లాభం లేదు. మెష్ (జాలీ) ముందుభాగం విడిగా దొరికితే వేయించుకోండి.

ఇక పైనున్న రెండింటిలో ముందువైపు ఫ్యాన్‌ను తీసేయండి. ముందునుంచి వచ్చే చల్లగాలి ప్రాసెసర్ దాకా చేరకముందే అది పైకి లాగి పారబోస్తుంది. ముందు మూడో చోటు ఉంటే గాలి లోపలికి తోసేలా అక్కడ బిగించండి. ఇప్పుడు మీకు రెండు లోపలికి, మూడు బయటికి. లాగే గాలి ఎక్కువైతే ఫిల్టర్ లేని ప్రతి సందులోంచీ దుమ్ము వస్తుంది. లోపలికొచ్చేది కాస్త ఎక్కువుండటమే మంచిది. ఫ్యాన్ ఎటు తోస్తుందో తెలియకపోతే: రెక్కలు తెరిచి కనిపించే వైపు పీల్చుకుంటుంది, మోటారును పట్టుకునే కమ్మీలున్న వైపు వదులుతుంది.

ఒక సంగతి చాలామంది చూసుకోరు. మదర్‌బోర్డు కేబినెట్ ఫ్యాన్లను మామూలుగా ప్రాసెసర్ వేడిని బట్టి తిప్పుతుంది. గేమ్‌లో ఎక్కువ వేడి పుట్టేదేమో కార్డులో. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాంలో ముందు ఫ్యాన్లను కార్డు వేడికి జతచేసి, 50 డిగ్రీల దాకా 40 శాతం, 70కి 75 శాతం, 80కి 100 శాతం పెట్టండి. ఫ్యాన్ వైరుకు మూడు పిన్నులే ఉంటే బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాంలో, ఆ హెడర్‌ను (ఫ్యాన్ వైరు గుచ్చే చోటును) వోల్టేజీతో వేగం మార్చే డీసీ మోడ్‌కు మార్చాలి. నాలుగు పిన్నుల ఫ్యాన్లకు వాడే పీడబ్ల్యూఎంలో వదిలేస్తే అది ఎప్పుడూ పూర్తి వేగంతో రొద పెడుతుంది.

ప్ర: కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో సీపీయూ పెట్టాం. గంటకల్లా ఫ్యాన్ గోల. ఎందుకు?
– రిటైర్డ్ ఉద్యోగి, రాజమహేంద్రవరం

జ: వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటోంది కాబట్టి. అరలోంచి బయటికి తీసి టేబుల్ పక్కన నాలుగంగుళాల ఎత్తున్న స్టాండు మీద పెట్టండి. గోడకు వెనక కనీసం ఆరంగుళాలు వదలండి. అరలోనే ఉండాలంటే తలుపుతోపాటు వెనక ప్లైవుడ్ పలక కూడా ఊడదీయించాలి. చిన్న రంధ్రం కోయిస్తే సరిపోదు. బయటికి తీసినప్పుడు వెనక కార్డు స్లాట్ల రేకులు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే బల్లులు దూరి బోర్డు మీద పడి షార్ట్ అవుతుంది.

ప్ర: ఎయిర్ కూలర్ గాలి తగిలితే తేమకు కంప్యూటర్ పాడవుతుందా?
– గృహిణి, కర్నూలు

జ: గాలికంటే చల్లగా ఉన్న వస్తువు మీదే నీరు చెమ్మగా పడుతుంది. నడుస్తున్న కంప్యూటర్ భాగాలు గదికంటే వేడిగానే ఉంటాయి కాబట్టి ఆ భయం లేదు. అసలు ప్రమాదం కూలర్ చిమ్మే తుంపరలతో. బోరునీళ్లలోని ఉప్పు బోర్డు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఎదురుగా కాకుండా పక్కకు, ఆరడుగుల దూరంలో పెట్టి, కిటికీ తెరవండి. మీ ఊరి పొడి వేడికి కూలర్ గదిని చల్లబరిచిన మేరకు కంప్యూటర్‌లో వేడి కూడా తగ్గుతుంది. కోస్తా ఉక్కలో ఆ లాభం పెద్దగా ఉండదు.

ప్ర: ఐ7-13700 ప్రాసెసర్, దాంతో వచ్చిన కూలరే వాడుతున్నాను. వీడియో రెండర్ పెడితే నిమిషంలో 100 డిగ్రీలు. పేస్ట్ మార్చాను, రెండు ఫ్యాన్లు కొన్నాను, మార్పు లేదు.
– వీడియో ఎడిటర్, హైదరాబాద్

జ: ఇది కేబినెట్ గాలితో తీరేది కాదు. డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, ఈ ప్రాసెసర్ టర్బోలో (పూర్తి వేగంలో) 219 వాట్ల దాకా లాగుతుంది. ఎక్కువసేపు అలా లాగకుండా పెట్టాల్సిన హద్దును కొన్ని మదర్‌బోర్డులు ఎత్తేస్తాయి. దాంతోపాటు వచ్చిన చిన్న కూలర్ అంత వేడిని మోయలేదు. బయోస్‌లో పీఎల్1 (ఎక్కువసేపు లాగే కరెంటుకు హద్దు) 90, పీఎల్2 (కాసేపు లాగేదానికి హద్దు) 125 వాట్లు పెట్టి చూడండి. వేడి బాగా తగ్గుతుంది, రెండర్ కొంత నెమ్మదిస్తుంది. ఆ ఆలస్యం కుదరకపోతే 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ కొనండి. దాని అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశాకే బిగించండి. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి, ఒక మూల పూర్తిగా బిగించాక మిగతావి బిగిస్తే కూలర్ వాలిపోతుంది. మరో ముఖ్య విషయం: 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజీతో దెబ్బతింటున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుంది. మీది ఆ జాబితాలో ఉంది. బయోస్ పాతదైతే అన్నిటికంటే ముందు కొత్తది ఎక్కించండి.

ప్ర: దుమ్ము ఎన్నాళ్లకొకసారి దులపాలి?
– నెల్లూరు

జ: ఫిల్టర్లు నెలకోసారి. కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టండి. లోపలిభాగం మూడు నెలలకోసారి, మెయిన్ స్విచ్ ఆపి, బ్లోయర్‌తో. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ వద్దు, దాని గాలితో నీళ్లు, నూనె కూడా వస్తాయి.