గేమ్ లైవ్ పెట్టాలంటే ముందు ఏం కొనాలి? కడపలో నా అనుభవం

తమ్ముడూ, అనంతపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నావు, ఫోన్‌లో బీజీఎంఐ అనే కాల్పుల గేమ్ ఆడతావు, ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది, ఆ ఆటను యూట్యూబ్‌లో లైవ్ పెట్టడానికి మీ నాయన ఇస్తానన్న 15,000తో మంచి కెమెరా కొనాలా, లైట్లు, కుర్చీ కొనాలా అని అడిగినావు. ఏదీ కొనొద్దు. ఇప్పటికి ఒక 2,000 తీసుకో, మిగతాది నాయన దగ్గరే ఉండనీ. ఎందుకు చెప్తున్నానంటే నేను సరిగ్గా ఆ తప్పే చేసినాను.

2022 జులైలో ఆగిపోయిన బీజీఎంఐ 2023 మేలో మళ్లీ వచ్చింది కదా, ఆ ఎండాకాలమే నేను లైవ్ మొదలుపెట్టినాను. ఎర్రముక్కపల్లెలో మా మేడ మీద గది. రెండు నెలల జీతంలో మిగిలిందంతా వెబ్‌కెమెరాకీ రింగ్ లైటుకీ పోసినాను. మూడు రోజుల తర్వాత ప్రొద్దుటూరు నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసి, "మొహం బాగానే కనపడుతోంది గానీ నువ్వు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదే, బావిలో నుంచి మాట్లాడినట్టుంది" అనింది. కింద కడప బండలు, చుట్టూ ఖాళీ గోడలు, పైన గిరగిరా తిరిగే ఫ్యాన్, మాట ఎక్కడ నిలుస్తుంది? నువ్వు కూడా నీ గదిలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి విను. చప్పుడు అయిపోయాక కూడా గోడల నుంచి ఇంకా మోగుతుంటే చూసేవాడి చెవికి నీ గొంతు కూడా అట్లే చేరుతుంది.

దానికి నేను పెద్దగా ఖర్చేమీ పెట్టలేదు. మా అవ్వ పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి ఎదురు గోడకు కట్టినాను, ఇంకొకటి బల్ల కింద పరిచినాను. వైరున్న కాలర్ మైకు ఒకటి కొని నోటికి జానెడు దూరంలో పెట్టుకున్నాను. మే నెలలో కడపలో అసలు ఫ్యానే లేకుండా కూర్చోవడం అయ్యే పని కాదు కాబట్టి సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, టేబుల్ ఫ్యాన్‌ని మైకుకు గాలి తగలకుండా కాళ్ల వైపు తిప్పుకున్నాను. ఓబీఎస్ స్టూడియో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, లైవ్ పంపేది దాంట్లో నుంచే. అందులో మైకు ఫిల్టర్లలో నాయిస్ సప్రెషన్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే మిగిలిన ఫ్యాన్ హోరు కూడా చాలావరకు పోతుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే పది సెకన్లు కూడా ఆగరు.

ఇంక ఫోన్‌లో ఆడే గేమ్‌ని ల్యాప్‌టాప్‌లోకి ఎట్లా తేవాలి? గేమూ లైవూ రెండూ ఒకే ఫోన్ మీద వేస్తే మన ఎండలకు అది పెనంలా కాలిపోయి, కొంతసేపటికే గేమ్ ఇరుక్కోవడం మొదలవుతుంది. పైగా యూట్యూబ్‌లో ఫోన్ యాప్ నుంచి నేరుగా లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్ నుంచి అయితే ఆ లెక్క లేదు, ఫోన్ నంబర్ వెరిఫై చేస్తే చాలు, కాకపోతే మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు కాబట్టి ఆ పని ఈరోజే చేసి పెట్టుకో. తర్వాత ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy) అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకో. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెడితే ఫోన్ తెర ల్యాప్‌టాప్‌లో కనపడుతుంది, ఆండ్రాయిడ్ 11 నుంచి పైన ఏదైనా అయితే శబ్దం కూడా వస్తుంది. ఆ కిటికీని ఓబీఎస్‌లో విండో క్యాప్చర్‌తో పట్టుకుంటావు, అంతే. గేమ్ బరువు ఫోన్ మోస్తుంది, ల్యాప్‌టాప్ పంపే పని మాత్రమే చేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఓబీఎస్ సెట్టింగుల్లో ఎన్‌కోడర్‌గా (పంపే ముందు వీడియోని కుదించేది) క్విక్ సింక్ ఎంచుకో, పాత ల్యాప్‌టాప్‌కి చాలా ఊపిరి ఆడుతుంది.

నెట్ విషయంలో అందరూ డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోతారు, మనకు కావాల్సింది అప్‌లోడ్, అంటే మన దగ్గర నుంచి బయటికి పంపే వేగం. మా వీధి కేబుల్ ఆయన ఇచ్చిన కనెక్షన్‌లో డౌన్‌లోడ్ 40 ఎంబీపీఎస్ వచ్చేది, అప్‌లోడ్ సాయంత్రం పూట 3 కూడా దాటేది కాదు, అందుకే నా లైవ్ ఆగి ఆగి నడిచేది. నువ్వు లైవ్ పెట్టాలనుకున్న వేళకే మూడు రోజులు వరుసగా అప్‌లోడ్ కొలువు. వచ్చే అంకెలో సగం మాత్రమే వాడుకుంటే నిలకడగా ఉంటుంది. ఓబీఎస్ సెట్టింగుల్లో 720పీ, 30 ఫ్రేములు, 3,000 కేబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా), కీఫ్రేమ్ 2 సెకన్లు, వీటితో మొదలుపెట్టు. అట్లా పంపితే గంటకు దగ్గర దగ్గర 1.35 జీబీ పోతుంది కాబట్టి రోజుకు 1.5 జీబీ ఇచ్చే సిమ్‌తో రోజూ లైవ్ పెట్టడం అయ్యే పని కాదు. వైఫై నమ్ముకోకుండా రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగు. ఓబీఎస్ కింద డ్రాప్డ్ ఫ్రేమ్స్ అని ఒక అంకె కనపడుతూ ఉంటుంది, అది పెరుగుతుంటే లోపం నెట్‌ది, నీ ల్యాప్‌టాప్‌ది కాదు. ఇంకో మాట, కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీతో నడుస్తుంది గానీ రౌటర్ ఆరిపోతుంది. కెమెరా కంటే ముందు కొనాల్సింది రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్, అదీ నీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసి.

ఇదంతా ఒక వారంలో కుదురుతుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి నాలుగు నెలలు నా లైవ్‌లో ఇద్దరో ముగ్గురో, అందులో ఒకడు పక్క గదిలో కూర్చున్న మా తమ్ముడు. ఎవరూ లేరని నోరు మూసుకుని ఆడేదాన్ని. కొత్తగా వచ్చినవాడికి మౌనంగా ఆడుతున్న మనిషి కనపడితే వాడు ఎందుకు ఆగుతాడు? ఎవరూ లేకపోయినా, గేమ్‌లో ఈ ఇంట్లోకి ఎందుకు దిగుతున్నాను, ఈ గోడ చాటుకు ఎందుకు పోతున్నాను అని చెప్పుకుంటూనే ఉండాలి. నేను మాట్లాడటం మొదలుపెట్టినా కూడా పెద్ద పెద్ద స్ట్రీమర్లను చూసి సగం హిందీ, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడేదాన్ని. ఒక రాత్రి చివరి సర్కిల్‌లో టెన్షన్‌లో మా జట్టు పిల్లోడి మీద "యాడికి పోతాండావురా, ఈడికి రా" అని అరిచేసినాను. అర నిమిషంలో చాట్‌లో "అక్కా మాది జమ్మలమడుగు" అని పడింది, దాని కిందే "రాజంపేట, ఇప్పుడు కువైట్" అని ఇంకొకటి. ఆ రోజు నుంచి నేను మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాను.

కువైట్ అన్న చెప్పినాకే నాకు వేళ సంగతి కూడా తట్టింది. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి పది అంటే వాళ్లకు ఏడున్నర, డ్యూటీ దిగి గదికి వచ్చి వండుకునే వేళ. శుక్రవారం వాళ్లకు సెలవు. మన జిల్లాల నుంచి అక్కడికి పోయినవాళ్లు ఎంతమందో నీకూ తెలుసు. వాళ్లు గేమ్ కంటే ఎక్కువగా మన ఊరి మాట కోసం వస్తారు, నాకు అది చాలా విలువైన సంగతి. వారానికి మూడు రోజులే పెట్టు, కానీ అదే వేళకు పెట్టు.

కొన్ని జాగ్రత్తలు. ఫోన్ తెర లైవ్‌లో ఉన్నప్పుడు డు నాట్ డిస్టర్బ్ తప్పనిసరి, ఒకసారి నా బ్యాంకు మెసేజ్ అందరికీ కనపడింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సాయం చేయండని క్యూఆర్ కోడ్ పెట్టేస్తారు చాలామంది, స్కాన్ చేస్తే బ్యాంకులో ఉన్న నీ పూర్తి పేరు వస్తుంది, యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటే అదీ బయటపడుతుంది. ఆడపిల్లను కాబట్టి నాకు చాట్‌లో వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. తెలుగు బూతుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే యూట్యూబ్ దానంతటది ఆపింది తక్కువే. యూట్యూబ్ స్టూడియోలో బ్లాక్డ్ వర్డ్స్ అని ఉంటుంది, అందులో ఒక్కో మాటను ఎన్ని రకాలుగా రాస్తారో అన్నీ వేసినాను, చాట్‌ని కనిపెట్టి చూసే మోడరేటర్‌గా మా తమ్ముణ్ణి పెట్టినాను. నువ్వు కూడా నీ లైవ్‌కు వచ్చే ఆడపిల్లల కోసం ఈ పని మొదటి రోజే చెయ్యి. వెనక సినిమా పాటలు పెట్టకు, కాపీరైట్ వస్తుంది.

డబ్బుల సంగతి. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే యాడ్స్ వస్తాయి. లైవ్ అయ్యాక వీడియోని డిలీట్ చేయకు, ప్రైవేట్‌లో పెట్టకు, పబ్లిక్‌గా ఉన్నవాటి గంటలే లెక్కకు వస్తాయి. 10 డాలర్లు దాటితే ఇంటి చిరునామా నిర్ధారణకు పోస్టులో పిన్ నంబర్ పంపుతారు, 100 దాటితేనే డబ్బు చేతికొస్తుంది. ఆ పిన్ ఉత్తరం వచ్చిన రోజు మా అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. నాకు అంతకంటే ముందే, చూసేవాళ్లు 60 మంది కూడా లేనప్పుడే, రంగు మీద పందెం కాసే యాప్ బ్యానర్ లైవ్‌లో పెడితే నెలకు 8,000 ఇస్తామని మెసేజ్ వచ్చింది. అది నా జీతంలో సగం. ఒప్పుకోలేదు. మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ పందేల మీద నిషేధం ఉంది, 2025లో కేంద్రం తెచ్చిన చట్టంలో ఇట్లాంటి వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం లేకపోయినా నేను పెట్టేదాన్ని కాదు, నా లైవ్ చూసేది నీలాంటి పిల్లలే. నీకూ ఈ మెసేజ్ వస్తుంది, వెంటనే బ్లాక్ చేసెయ్.

ముందు మైకు, ల్యాన్ కేబుల్ కొని, ఆదివారం అన్‌లిస్టెడ్‌లో (లింక్ ఉన్నవాళ్లకే కనపడేట్టు) అరగంట లైవ్ పెట్టి లింక్ నాకు పంపు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం వింటాను, నీ గది మోగుతోందో లేదో చెప్తాను.