నట్టు బిగించగానే చైన్ మళ్లీ బిగుసుకుంటే

బైక్ చైన్ స్లాక్ (చైన్‌కు ఉండాల్సిన వదులు) సరిచూసుకున్నా, వెనుక యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు బిగించగానే చైన్ బిగుసుకుంటోందంటే, యాక్సిల్ అడ్జస్టర్లకు (స్లాక్ సరిచేసే మరలకు) ఆనకుండా వెనక్కి జరుగుతోందన్నమాట.

1. ఇంజిన్ ఆపి, బండిని న్యూట్రల్‌లో సెంటర్ స్టాండ్ మీద నిలిపి, నట్టును (చైన్ వైపు స్లీవ్ నట్టు అనే రెండో పెద్ద నట్టు ఉంటే దాన్ని కూడా) వదులు చేసి, రెండు అడ్జస్టర్లనూ ఒకే గుర్తుకు తెచ్చి స్లాక్ సరిచేయండి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. మడతపెట్టిన గుడ్డను చైన్ పైవరసకూ, వెనుక పళ్ల చక్రమైన స్ప్రాకెట్‌కూ మధ్య ఉంచి, వేళ్లు దూరంగా పెట్టుకొని చక్రాన్ని చేత్తో నెమ్మదిగా వెనక్కి తిప్పితే, గుడ్డ పళ్ల మీద ఇరుక్కొని, బిగిసిన చైన్ యాక్సిల్‌ను ముందుకు లాగి అడ్జస్టర్లకు గట్టిగా ఆనిస్తుంది.

3. గుడ్డ అలాగే ఉండగా, అవతలి వైపు బోల్టు తల తిరగకుండా రెండో స్పానర్‌తో పట్టుకొని, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) మేరకు నట్టు బిగించండి.

4. గుడ్డ తీసి స్లాక్ మళ్లీ కొలవండి. కాటర్ పిన్ (నట్టు వదులవకుండా ఆపే పిన్) ఉన్న బండికి కొత్త పిన్నే వేయండి. డ్రమ్ బ్రేకు అయితే పెడల్ ఆట (బ్రేకు పట్టకముందు పెడల్‌కు ఉండే ఖాళీ కదలిక) కూడా సరిచూడండి.